ఈ-రీడర్ పరికరాలకు సాఫ్ట్‌వేర్ తయారీ సాధనసామగ్రి: చారిత్రక పరిశీలన - తెలుగు లిపి నేపథ్యం

వ్యాససంగ్రహం:

ఎలక్ట్రానిక్ సిరా తెరతో పనిచేసే ఈ-రీడర్ పరికరాలు 2004లో మార్కెట్లోకి వచ్చాయి. వీటిపై ఏ భాష పుస్తకాన్ని చదవగలమన్నది తెర నాణ్యత ఒక్కటే నిర్ణయించదు. పరికరం లోపల ఉన్న సాఫ్ట్‌వేర్, ఆ సాఫ్ట్‌వేర్‌ను మార్చగల సాధనసామగ్రి ఎవరి చేతిలో ఉన్నదనే విషయం కూడా నిర్ణయిస్తాయి. తయారీ సంస్థల అధీనంలో ఉన్న ఈ సాధనసామగ్రి క్రమంగా స్వచ్ఛంద నిర్మాతలకు ఎలా అందింది, ఒక సాధారణ కంప్యూటర్‌పై దానిని సమకూర్చుకునే పద్ధతి ఎలా స్థిరపడింది, తెలుగు లిపికి దానివల్ల కలిగిన ప్రయోజనమేమిటి అనే మూడు అంశాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: ఈ-రీడర్, ఎలక్ట్రానిక్ సిరా, కిండిల్, కోబో, కోరీడర్, హార్ఫ్‌బజ్, యూనికోడ్, తెలుగు లిపి.

1. ఉపోద్ఘాతం:

అచ్చుయంత్రం ఒక భాషాసమాజంలోకి వచ్చినంత మాత్రాన ఆ భాషలో పుస్తకాలు రావు. ఆ లిపికి అచ్చు అక్షరాలు పోతపోయాలి, వాటిని కూర్చే పనివారు తయారు కావాలి. 18వ శతాబ్దంలో బెంజమిన్ షుల్జ్ జర్మనీలోని హాలే పట్టణంలో తెలుగు పుస్తకాలను అచ్చువేయించడానికి ముందుగా తెలుగు అక్షరాల దిమ్మలు అవసరమయ్యాయి. ముద్రణచరిత్రను రాసేవారు పుస్తకాలతోపాటు ఈ అక్షరాల పోతను కూడా చర్చించడం పరిపాటి. ఈ-పుస్తకాల చరిత్రలో మాత్రం పుస్తకాల సంఖ్య, అమ్మకాలు, పాఠకుల అలవాట్లు చర్చకు వచ్చినంతగా వాటిని తెరపై నిలబెట్టే సాఫ్ట్‌వేర్ తయారీ చర్చకు రావడం లేదు.

సాఫ్ట్‌వేర్ నిర్మాతలు 'డెవలప్‌మెంట్ ఎన్విరాన్‌మెంట్' అనే దానిని ఈ వ్యాసంలో 'సాధనసామగ్రి' అని వ్యవహరించడం జరిగింది. మూలరచనను రాసే ఎడిటర్, దానిని యంత్రభాషలోకి మార్చే కంపైలర్, ఫలితాన్ని పరీక్షించే ఎమ్యులేటర్, పరికరంలోకి పంపే మార్గం - ఈ నాలుగూ కలిసి సాధనసామగ్రి అవుతుంది. ఇది ఎవరికి అందుబాటులో ఉంటే వారే ఆ పరికరానికి కొత్త విద్య నేర్పగలరు.

2. ఎలక్ట్రానిక్ సిరా - తొలి పరికరాలు:

విద్యుత్తుతో కదిలే రేణువుల ద్వారా కాగితంవంటి తెరను తయారుచేయాలనే ఆలోచన 1970లలోనే ఉంది. జిరాక్స్ సంస్థ పరిశోధనాలయంలో నిక్ షెరిడన్ రూపొందించిన 'గైరికాన్' ఆ దశకు చెందినది. అమెరికాలోని ఎం.ఐ.టి. మీడియా ల్యాబ్‌లో జోసెఫ్ జాకబ్‌సన్, ఆయన విద్యార్థులు బారెట్ కామిస్కీ, జె.డి. ఆల్బర్ట్ ప్రభృతులు సూక్ష్మగుళికల పద్ధతిని అభివృద్ధి చేశారు. 1997లో 'ఈ ఇంక్' సంస్థ ఏర్పడింది. 1998లో ఈ పరిశోధన 'నేచర్' పత్రికలో వెలువడింది.

ఈ తెరలో వెంట్రుక మందమున్న గుళికలుంటాయి. ప్రతి గుళికలోనూ ఒక విద్యుదావేశంతో తెల్లని రేణువులు, దానికి వ్యతిరేకమైన ఆవేశంతో నల్లని రేణువులు తేలుతుంటాయి. విద్యుత్తు దిశను బట్టి ఒక రంగు రేణువులు పైకి, మరొక రంగువి కిందికి చేరుతాయి. ఒకసారి చేరిన రేణువులు విద్యుత్తు ఆపివేసినా అక్కడే నిలుస్తాయి. పుట తిప్పినప్పుడు మాత్రమే శక్తి ఖర్చవుతుంది. ఈ గుణమే పరికరాన్ని చదువుకు అనుకూలం చేసింది. ఈ గుణమే సాఫ్ట్‌వేర్ నిర్మాతకు కొత్త ఇబ్బందులను కూడా తెచ్చింది.

1998లోనే రాకెట్ ఈబుక్, సాఫ్ట్‌బుక్ అనే పరికరాలు వచ్చినా అవి మామూలు ద్రవస్ఫటిక తెరలతో పనిచేసినవి. ఎలక్ట్రానిక్ సిరాతో వచ్చిన తొలి వాణిజ్య పరికరం సోనీ సంస్థ 2004లో జపాన్‌లో విడుదల చేసిన 'లిబ్రియే'. దానికై అమ్మిన పుస్తకాలు 60 రోజుల తరువాత తెరుచుకునేవి కావు. పాఠకుడు పరికరాన్ని కొన్నా పుస్తకాన్ని అద్దెకు తీసుకున్నట్లే అయింది. అయితే ఆ పరికరం లినక్స్ కెర్నల్‌పై పనిచేసేది. లినక్స్ కెర్నల్ జి.పి.ఎల్. లైసెన్సుకు లోబడినది కనుక, దానిని ఉపయోగించి పరికరం అమ్మే సంస్థ తాను వాడిన కెర్నల్ మూలరచనను కూడా ఇవ్వవలసి ఉంటుంది. ఈ-రీడర్ల చరిత్రలో ఈ నిబంధన ప్రాధాన్యం గొప్పది. సంస్థ తలుపు మూసినా కిటికీ ఒకటి తెరిచి ఉంచక తప్పలేదు.

3. అనుమతితో కూడిన సాధనసామగ్రి:

2007 నవంబరు 19న అమెజాన్ సంస్థ కిండిల్‌ను విడుదల చేసింది. దాని ధర 399 డాలర్లు. 6 అంగుళాల తెర, 800×600 బిందువులు, నాలుగే నాలుగు బూడిదరంగు ఛాయలు దాని పరిమితులు. లోపల లినక్స్ ఉన్నా చదివే అనువర్తనం జావా భాషలో రాయబడి, సంస్థ అధీనంలోనే ఉండేది. 2009 జులైలో జార్జ్ ఆర్వెల్ '1984', 'యానిమల్ ఫార్మ్' పుస్తకాల ప్రతులను అమెజాన్ కొందరు కొనుగోలుదారుల కిండిల్‌ల నుంచి దూరం నుంచే తొలగించింది. హక్కులు లేని విక్రేత వాటిని అమ్మకానికి పెట్టడం అందుకు కారణం. తరువాత సంస్థ అధిపతి జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పారు. చేతిలో ఉన్న పరికరంపై ఎవరి ఆధిపత్యం ఎంతన్నది ఈ సంఘటనతో సామాన్య పాఠకులకు కూడా తెలిసివచ్చింది.

2010 జనవరిలో అమెజాన్ 'కిండిల్ డెవలప్‌మెంట్ కిట్'ను ప్రకటించింది. జావాలో అనువర్తనాలు రాయడానికి కావలసిన గ్రంథాలయాలు, కంప్యూటర్‌పైనే పరీక్షించుకునేందుకు ఒక సిమ్యులేటర్ అందులో ఉన్నాయి. ఈ-రీడర్‌కు బయటివారు సాఫ్ట్‌వేర్ రాయడానికి తయారీ సంస్థ అధికారికంగా సాధనసామగ్రి ఇవ్వడం ఒక ముందడుగే. కానీ దానితో వచ్చిన షరతుల్లో ఒకటి ప్రత్యేకంగా గమనించదగినది: తయారుచేసే అనువర్తనం సాధారణ పుస్తక పఠన అనువర్తనం కాకూడదు. పదాల ఆటలు, పొడుపుకథల వంటివాటికి అనుమతి ఉంది. అదే ఏడాది వెలువడిన తొలి అనువర్తనాలు పదాల ఆటలే. చదవడం కోసమే పుట్టిన పరికరంపై చదివే సాధనాన్ని తయారుచేయడం మాత్రం నిషిద్ధం.

ఆంగ్ల పాఠకునికి ఈ షరతువల్ల పెద్ద నష్టం లేదు. సంస్థ ఇచ్చిన పఠన అనువర్తనం అతని లిపిని చక్కగా చూపగలదు. అందులో లేని లిపి చదువరికి మాత్రం ఉన్న ఒక్క దారీ ఈ షరతుతో మూసుకుపోయింది. 2016 డిసెంబరులో కిండిల్‌పై భారతీయ భాషల పుస్తకాలను అమెజాన్ ప్రారంభించినప్పుడు హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం అనే ఐదు భాషలకు చోటు దక్కింది. ఆ జాబితాలో తెలుగు లేదు. ఒక భాషకు సాహిత్యసంపద, పాఠకుల సంఖ్య ఎంత ఉన్నా, సాధనసామగ్రి పరాధీనంగా ఉన్నంతకాలం ఆ భాష వంతు కోసం ఎదురుచూడవలసిందేనని ఈ జాబితా స్పష్టం చేస్తుంది.

4. తెలుగు లిపి - తెర ముందున్న సమస్య:

తెలుగుకు ఫాంటు ఒక్కటి ఉంటే చాలదా అనే ప్రశ్న సహజం. చాలదు. యూనికోడ్ ప్రమాణం 1991లో వెలువడిన తొలి కూర్పు నుంచే తెలుగుకు స్థానం కల్పించింది. 0సి00 నుంచి 0సి7ఎఫ్ వరకు 128 స్థానాలు తెలుగుకు కేటాయింపబడ్డాయి. కానీ యూనికోడ్ నిల్వచేసేది వర్ణక్రమాన్నే. తెరపై కనిపించే ఆకారాన్ని కాదు.

'స్త్రీ' అనే అక్షరాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. యంత్రస్మృతిలో ఇది స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం అనే ఆరు సంకేతాల వరుస. తెరపైకి వచ్చేసరికి వరుసలో ఆరవదైన గుడిదీర్ఘం మొదటిదైన సకారం నెత్తిన చేరాలి. సకారం తలకట్టు తొలగాలి. త, ర వర్ణాలు తమ ఆకారాలను వదిలి వత్తులుగా కిందికి దిగాలి. రెండు పొల్లులూ అదృశ్యం కావాలి. తెలుగువారికి బడిలో మొదటి ఏడాదిలోనే అలవడే ఈ విద్యను పరికరానికి ఎవరో ఒకరు నేర్పాలి. నేర్పనప్పుడు ఫాంటు ఉన్నా ఆరు ముక్కలూ విడివిడిగా, పొల్లులతో సహా కనిపిస్తాయి. అది తెలుగు అక్షరాల రాశి అవుతుందే తప్ప తెలుగు రాత కాదు.

ఈ పనిని చేసే సాఫ్ట్‌వేర్ భాగాన్ని ఆకృతీకరణ యంత్రాంగం అనవచ్చు. డెస్క్‌టాప్ కంప్యూటర్లలో ఈ సమస్య ముందే పరిష్కారమైంది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు, తెలుగు ఆకృతీకరణ వచ్చాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు యూనికోడ్ తెలుగు వ్యాప్తికి తోడ్పడ్డాయి. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ రంగంలో హార్ఫ్‌బజ్ అనే ఆకృతీకరణ యంత్రాంగం ప్రాచుర్యం పొందింది. ఇరాన్ సంతతికి చెందిన బెహదాద్ ఎస్ఫాబోద్ దీనిని ప్రధానంగా తీర్చిదిద్దారు. పర్షియన్‌లో 'హర్ఫ్' అంటే అక్షరం, 'బాజ్' అంటే తెరిచినది. 'ఓపెన్‌టైప్' అనే ఫాంటు ప్రమాణం పేరుకు ఇది పర్షియన్ అనువాదం. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఆండ్రాయిడ్, లిబ్రే ఆఫీస్‌లు దీనినే వాడుతున్నాయి. లాటినేతర లిపి నేపథ్యం నుంచి వచ్చిన వ్యక్తి చేసిన ఈ కృషి తెలుగుకు కూడా ఉపకరించడం గమనార్హం.

డెస్క్‌టాప్‌లో ఉన్న ఈ పరిష్కారాన్ని ఈ-రీడర్‌లోకి తేవాలంటే పరికరం కోసం దానిని మళ్లీ కంపైల్ చేయగలగాలి. సాధనసామగ్రి ప్రశ్న తెలుగు లిపి ప్రశ్నతో ముడిపడేది ఇక్కడే.

5. స్వచ్ఛంద నిర్మాతల కృషి:

టొరంటో కేంద్రంగా ఏర్పడిన కోబో సంస్థ 2010లో తన తొలి ఈ-రీడర్‌ను విడుదల చేసింది. కోబో పరికరాల నిర్మాణంలో ఒక వెసులుబాటు ఉంది. నిర్దిష్టమైన పేరుగల ఒక కుదింపు ఫైలును '.కోబో' అనే సంచయంలో ఉంచి పరికరాన్ని కంప్యూటర్ నుంచి వేరుచేస్తే, అందులోని అంశాలను పరికరం తన మూలవ్యవస్థలోకి విప్పుకుంటుంది. సంస్థ తన నవీకరణల కోసం పెట్టుకున్న ఈ మార్గమే బయటి నిర్మాతలకు రాజమార్గమైంది. తాళం పగలగొట్టే అవసరమే రాలేదు. కిండిల్‌లో మాత్రం ప్రతి కొత్త నమూనాకూ తాళం తీసే పద్ధతిని కొత్తగా వెతకవలసి వచ్చింది.

ఈ నేపథ్యంలో 2011 ప్రాంతంలో కిండిల్‌పై పీడీఎఫ్ ఫైళ్లను సౌకర్యంగా చదివేందుకు ఒక చిన్న ప్రయత్నంగా మొదలైనది క్రమంగా 'కోరీడర్' అనే పఠన అనువర్తనంగా ఎదిగింది. కిండిల్, కోబో, పాకెట్‌బుక్, ఆండ్రాయిడ్ పరికరాలన్నింటిపైనా పనిచేసే స్థాయికి అది చేరింది. దీని నిర్మాణంలో మూడు నిర్ణయాలు సాధనసామగ్రిని సరళం చేశాయి.

మొదటిది భాష ఎంపిక. బరువైన పనులను సి, సి++ భాషలలోని గ్రంథాలయాలకు అప్పగించి, మిగిలినదంతా లువా భాషలో రాశారు. లువా 1993లో బ్రెజిల్‌లోని రియో డి జనీరో పాంటిఫికల్ కేథలిక్ విశ్వవిద్యాలయంలో పుట్టింది. లువా ఫైలును మార్చిన తరువాత కంపైల్ చేయనక్కరలేదు. సాధారణ టెక్స్ట్ ఎడిటర్‌లో సవరించి అనువర్తనాన్ని మళ్లీ తెరిస్తే చాలు. రెండవది ఎమ్యులేటర్. పరికరం చేతిలో లేకపోయినా లినక్స్ కంప్యూటర్‌పై ఒక కిటికీలో అనువర్తనాన్ని నడిపి చూడవచ్చు. మూడవది ఇతరుల పనిని కలుపుకోవడం. రష్యాకు చెందిన వాదిమ్ లోపాతిన్ కూల్‌రీడర్ కోసం నిర్మించిన పుటరచన యంత్రాంగాన్ని కోరీడర్ స్వీకరించి, దానికి హార్ఫ్‌బజ్‌ను జోడించింది. సంస్థ అనుమతి కోసం వేచి ఉండకుండా తెలుగు వత్తులు తమ స్థానంలో కనిపించే మార్గం ఈ జోడింపుతో ఏర్పడింది.

6. సరళమైన ఏర్పాటు - దాని సోపానాలు:

ఈ పరిణామం ఫలితంగా స్థిరపడిన పద్ధతిని సంగ్రహంగా ఇలా చెప్పవచ్చు. లినక్స్ ఉన్న ఒక సాధారణ ల్యాప్‌టాప్ మొదటి అవసరం. కోరీడర్ మూలరచనను గిట్ ద్వారా దించుకోవాలి. దానితోపాటు వచ్చే సహాయక స్క్రిప్టు కావలసిన గ్రంథాలయాలను తెచ్చి, ఎమ్యులేటర్‌ను నిర్మిస్తుంది. కిటికీని పరికరపు తెర కొలతలకు అమర్చుకుని, తెలుగు ఈ-పబ్ ఫైలును తెరిచి చూడవచ్చు. లువాలో చేసే మార్పులకు ఇంతకు మించిన ఏర్పాటు అవసరం లేదు.

సి భాషలోని భాగాన్ని మార్చవలసివస్తే రెండవ సోపానం మొదలవుతుంది. ల్యాప్‌టాప్‌లోని ప్రాసెసర్ సాధారణంగా ఎక్స్86 రకానిది. ఈ-రీడర్‌లోనిది ఆర్మ్ రకానిది. ఒకదానికి తయారైన యంత్రభాష రెండవదానికి అర్థం కాదు. అందువల్ల ల్యాప్‌టాప్‌పై నడుస్తూ ఆర్మ్ కోసం యంత్రభాషను ఇచ్చే క్రాస్ కంపైలర్ కావాలి. కొత్తగా ఈ పనికి దిగినవారు తరచు తడబడేది ఇక్కడే. ఏదో ఒక ఆర్మ్ కంపైలర్ సరిపోదు. పరికరంలోని మూల సి-గ్రంథాలయం పాతదైతే, కొత్తదానితో కట్టిన ప్రోగ్రాం అక్కడ మొదలుకానే కాదు. కిండిల్, కోబో, పాకెట్‌బుక్‌లకు వేర్వేరుగా అమర్చిన కంపైలర్ సముదాయాలను స్వచ్ఛంద నిర్మాతలు అందించడంతో ఈ చిక్కు తొలగింది.

మూడవ సోపానం పరికరంలోకి పంపడం. యూఎస్‌బీ తీగ ద్వారా ఫైలును చేర్చవచ్చు. కోరీడర్‌లోని ఎస్‌ఎస్‌హెచ్ సదుపాయంతో వైఫై మీదుగా కూడా పంపవచ్చు. అనువర్తనం ఆగిపోతే అది రాసిపెట్టే చిట్టా ఫైలులో కారణం వెతకాలి. కొన్ని పాత కోబో నమూనాలలో మూలవ్యవస్థ అంతా లోపలి మైక్రో ఎస్‌డీ కార్డులో ఉండేది. ఆ కార్డుకు ముందుగా నకలు తీసిపెట్టుకుంటే పరికరం చెడిపోతుందనే భయం ఉండదు.

ఎమ్యులేటర్ చూపలేని విషయం ఒకటుంది. అది తెర స్వభావం. ఎలక్ట్రానిక్ సిరా తెరకు బొమ్మను అందించినంత మాత్రాన అది మారదు. ఏ భాగాన్ని, ఏ పద్ధతిలో మార్చాలో కెర్నల్‌కు వేరుగా చెప్పాలి. పదహారు ఛాయలతో నాణ్యంగా మార్చే పద్ధతికి సుమారు అర సెకను పడుతుంది. నలుపు తెలుపులు మాత్రమే ఉండే వేగవంతమైన పద్ధతి సెకనులో ఎనిమిదో వంతులో ముగుస్తుంది కానీ అక్షరాల అంచులు గరుకుగా కనిపిస్తాయి, పాత పుట ఛాయ మిగులుతుంది. వంపులే ప్రాణమైన తెలుగు అక్షరాలకు, ముఖ్యంగా చిన్న వత్తులకు, మొదటి పద్ధతే అనుకూలం. తెర సాంద్రత అంగుళానికి 167 బిందువుల నుంచి 2014 నాటి కిండిల్ వోయేజ్‌లో 300కు చేరడం కూడా ఈ వత్తులకు మేలు చేసింది.

7. తెలుగు పరిశోధకులకు మిగిలిన పని:

లిపి తెరపై నిలవడంతో సమస్య ముగియదు. దీర్ఘసమాసాలు గల తెలుగు వాక్యాన్ని ఆరంగుళాల పుటలో రెండు అంచులకూ సమానంగా సర్దితే పదాల మధ్య పెద్ద ఖాళీలు ఏర్పడతాయి. పదాన్ని ఎక్కడ విరవవచ్చో చెప్పే సూత్రాలు కావాలి. టెక్ వ్యవస్థకు తెలుగు పదవిభజన సూత్రాలు ఇప్పటికే ఉన్నాయి. అక్షరం మధ్యలో విరవకూడదనే నియమం వాటిలో ఉన్నా, సమాసంలో పదాల సంధిస్థలాన్ని గుర్తించడం వాటి పరిధిలోనిది కాదు.

నిఘంటువు సమస్య ఇంకా ఆసక్తికరమైనది. చదువుతున్న పదంపై వేలు ఉంచితే అర్థం చూపే సదుపాయం కోరీడర్‌లో ఉంది. అది స్టార్‌డిక్ట్ రూపంలోని నిఘంటువులను వాడుతుంది. 1852లో వెలువడిన సి.పి. బ్రౌన్ తెలుగు-ఇంగ్లీషు నిఘంటువును ఈ రూపంలోకి మార్చుకోవచ్చు. అయితే పాఠకుడు 'పుస్తకాలలో' అనే పదాన్ని తాకితే నిఘంటువులో దొరికేది 'పుస్తకము' మాత్రమే. బహువచన ప్రత్యయాన్ని, విభక్తిని తొలగించి, ఆధునిక రూపమైన 'పుస్తకం' నుంచి 'పుస్తకము'కు చేరుకునే చిన్న లువా ప్రోగ్రాం కావాలి. ఆంగ్లంలో 'బుక్స్' నుంచి 'బుక్'కు పోవడమంత తేలికైన పని కాదిది. 'రాముడొచ్చాడు' వంటి సంధిరూపాలను విడదీయడానికి బాలవ్యాకరణ పరిచయం కంపైలర్ పరిచయంకన్నా ఎక్కువగా అవసరం.

పాత గ్రంథాల విషయం మరొకటి. తెలుగులో 19, 20 శతాబ్దాల పుస్తకాలు పెద్ద సంఖ్యలో స్కాన్ చేసిన పుటలుగానే లభిస్తున్నాయి. కోరీడర్‌లో చేర్చిన కె2పీడీఎఫ్ఆప్ట్ అనే సాధనం అలాంటి పుటను బొమ్మగానే ఉంచి, పదాలుగా కోసి, చిన్న తెరకు తగినట్లు తిరిగి పేర్చగలదు. వరుసల మధ్య, పదాల మధ్య ఉన్న ఖాళీలే దీనికి ఆధారం. ఒక వరుసలోని వత్తు కింది వరుసలోని గుడిని తాకేంత దగ్గరగా కూర్చిన పాత అచ్చులలో ఈ అంచనా తప్పే అవకాశం ఉంది. తెలుగు అచ్చుపుటల స్వభావం ఎరిగినవారు ఈ పరిమితులను సర్దుబాటు చేయవలసి ఉంటుంది. అదేవిధంగా యూనికోడ్‌కు ముందటి డీటీపీ ఫాంట్లలో కూర్చిన పుస్తకాలను ముందుగా యూనికోడ్‌లోకి మార్చుకోకపోతే వెతకడం, నిఘంటువు చూడటం సాధ్యం కావు.

8. ముగింపు:

పై పరిశీలన వల్ల కొన్ని విషయాలు స్పష్టమవుతున్నాయి.

• ఈ-రీడర్‌పై ఒక భాష మనుగడ తెర నాణ్యతపై కన్నా ఆకృతీకరణ సాఫ్ట్‌వేర్‌పై ఎక్కువగా ఆధారపడింది.

• తయారీ సంస్థ 2010లో ఇచ్చిన సాధనసామగ్రి చదివే అనువర్తనాన్ని నిషేధించడంవల్ల, జాబితాలో లేని లిపులకు అది ఉపయోగపడలేదు.

• లినక్స్‌కున్న జి.పి.ఎల్. లైసెన్సు, కోబోలోని నవీకరణ మార్గం, హార్ఫ్‌బజ్ వంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కలిసి ప్రత్యామ్నాయ మార్గాన్ని ఏర్పరచాయి.

• ఎమ్యులేటర్, లువా భాష, సిద్ధంగా లభించే క్రాస్ కంపైలర్ల వల్ల ఈ సాధనసామగ్రి ఒక సాధారణ ల్యాప్‌టాప్ స్థాయికి దిగివచ్చింది.

• పదవిభజన, నిఘంటు శోధన, పాత అచ్చుల సర్దుబాటు అనే మిగిలిన పనులు ప్రధానంగా భాషాశాస్త్ర, వ్యాకరణ, పరిష్కరణ జ్ఞానాన్ని కోరుతున్నాయి.

అచ్చు తొలిరోజులలో తెలుగు పండితులు ముద్రణాలయాలలో ప్రూఫులు దిద్దారు, అక్షరదోషాలను సరిచేశారు, ప్రతులను పరిష్కరించారు. ఆ పనిని యంత్రనిపుణుల పనిగా భావించి వారు దూరంగా ఉండిపోలేదు. ఈ-రీడర్ విషయంలోనూ విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు ఒక ల్యాప్‌టాప్, ఒక పాత ఈ-రీడర్ సమకూర్చుకుని, కంప్యూటర్ శాఖల విద్యార్థులతో కలిసి ఈ పనికి పూనుకోవడానికి సాంకేతికంగా పెద్ద అడ్డంకులు లేవు. తెలుగు పుట ఎలా ఉండాలో చెప్పవలసినవారు తెలుగు చదివేవారే.